చాప మూల

పోయిన ఆదివారం మా మందిరంలో చాపలు ఎవరూ పరవలేదు.

ఆరాధన వేళకు వచ్చిన ఆడవాళ్లం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని లోపలికి అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాం. ముందువైపు మగవాళ్ల కుర్చీలు ఎప్పటిలాగే ఉన్నాయి. వెనకవైపు, మేమూ పిల్లలూ కూర్చునే చోట ఉత్త గచ్చు కనిపించింది. చాపలు చుట్టినవి చుట్టినట్టే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్లూ అవి వాటంతట అవే పరుచుకున్నాయన్నట్టు వాటి వంక చూస్తూ నిలబడ్డాం.

"ఇంటిబడి అక్క పరుస్తుండె గదా," అంది నా పక్కనున్నామె, గొంతు తగ్గించి.

ఆ వారంలోనే ఆమెను భూపాలపల్లిలో మట్టి చేసి వచ్చాం. జీపులో పోయేటప్పుడూ ఏడ్చాం, వచ్చేటప్పుడూ ఏడ్చాం. అయినా ఆమె లేదన్న సంగతి ఆ ఉత్త గచ్చు చూశాకే నాకు నిజంగా తెలిసింది.

ఆమెకు చక్కని పేరే ఉంది. మా సంఘంలో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థనలో "సహోదరి" అనేవారు. మిగతా అందరికీ ఆమె ఇంటిబడి అక్క. తన ముగ్గురు పిల్లలనూ ఏ బడికీ పంపకుండా ఇంట్లో తానే చదువు చెప్పుకునేది కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట వెటకారానికి పెట్టారు. తర్వాత వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

మానుకోటలో రైలు గేటు దాటాక ఉన్న రేకుల మందిరం మాది. ఆమె భర్త కాలిపోయిన నీళ్ల మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. పని కోసం భూపాలపల్లి నుంచి ఇటు వచ్చారు. వచ్చిన మొదటి ఆదివారమే ఆమె అందరికంటే ముందు వచ్చి, తడిగుడ్డతో చాపలు తుడిచి పరిచిందని మందిరం ఊడ్చే ముసలాయన చెప్పాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు. అప్పటి నుంచి అది ఆమె పనైపోయింది.

మా చాపల్లో ఒకదానికి మూల లేస్తుంది. ప్లాస్టిక్ చాప, ఎండకు వంకర తిరిగింది. నీళ్లు చల్లినా, ఇటుక పెట్టినా మళ్లీ లేచి నిలబడేది. పిల్లల కాళ్లకు తగిలి పడేవాళ్లు. ఆమె ఆ మూల మీద తానే కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చుంటే స్తంభం అడ్డం, అయ్యగారి ముఖం కనపడదు.

"ముందుకు రా బిడ్డా, ఆడ ఏం కనపడ్తది నీకు?" అన్నాను ఒకసారి.

"నేను లేస్తే ఇది లేస్తది పెద్దమ్మా," అంది.

సంఘంలో చాలామందికి నేను పెద్దమ్మనే. ఆమెకు కూడా అంతే.

ఆమె గురించి చెప్పాలంటే నాకు ముందు ఆమె మాటలే గుర్తొస్తాయి. పిల్లలు ఏదైనా పొరపాటుగా చదివితే "తప్పు" అని అనేది కాదు. "మల్ల సూడు" అనేది. కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నెను కూడా అట్లాగే చూసి "మల్ల సూడాలె" అనేది. ఎవరినైనా చూపించాలంటే వేలు ఎత్తేది కాదు, గదమ ఎత్తి గడ్డంతోనే చూపేది. ఇంకొకటి ఉంది. మామూలుగా మాలాగే మాట్లాడేది. కోపం వస్తే మాత్రం ఆమె మాట చివర "అండి" వచ్చి చేరేది. గొంతు పెరిగేది కాదు. ముఖం మారేది కాదు. పెళ్లికి ముందు భూపాలపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేసిందట, ఆ "అండి" అక్కడిది. పాలవాడు నీళ్లు కలిపిన రోజున "పాలు బాగున్నయండి" అనేది. వాడు తెల్లవారి చిక్కటి పాలు తెచ్చేవాడు.

సంఘంలో ఆమెను అందరూ మెచ్చుకున్నారంటే అబద్ధమవుతుంది. ఒక క్రిస్మస్ ప్రేమవిందుకు ఆడవాళ్లమంతా మందిరం వెనక ఉల్లిగడ్డలు కోస్తున్నాం. మాలో పిల్లలను పెద్ద ఇంగ్లిష్ మీడియం బడికి పంపే ఒకామె కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఏందక్కా, మా పిల్లలు పోయే బడి మీ పిల్లలకు పనికిరాదా?"

"గట్లనలే అక్కా."

"అనకపోయినా గదే గదా. మావోళ్లు లోకంల పడ్డోళ్లు. మీవోళ్లేమో సీదా పరలోకంల పుట్టిండ్రు."

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఉల్లిఘాటుకు కళ్లు తుడుచుకుంటూ అంది: "మీవోళ్లు మంచిగనే ఉన్నరు. దేవుడు పిల్లల్ని నా చేతికిచ్చిండు, బడి పచ్చ బస్సుకియ్యలే. గంతే."

"మరి మాకు చేతుల్లెవ్వా?"

ఆ మాటకు ఆమె ఉల్లిగడ్డ కోయడం ఆపి తన చేతుల వంక చూసుకుంది. మాకు అది ఓడిపోయినట్టే కనిపించింది.

సండే స్కూల్లో పిల్లలను బడి తరగతిని బట్టి కూర్చోబెట్టేవాళ్లు. ఏ క్లాసని అడిగితే ఆమె పిల్లలు నోరు తెరిచేవాళ్లు కాదు. ఏ క్లాసూ లేదు కాబట్టి ముగ్గురినీ పాలబుగ్గల పిల్లలతో కలిపి ముందు వరుసలో కూర్చోబెట్టారు. పెద్దపిల్ల అప్పటికే నా భుజం దాకా ఎదిగింది. ఆ చంటిపిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుని చప్పట్లు కొట్టే పాట పాడింది. మరుసటి వారం ముగ్గురూ వచ్చి తల్లి పక్కన చాప మీదే కూర్చున్నారు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

మా సంఘపెద్ద ఒకాయన రిటైరైన టీచరు. అందరం సారు అనే పిలుస్తాం. ఆయన ఆమెను ఒకరోజు అందరి ముందే అడిగాడు.

"మన తాతలను బడి గడప తొక్కనియ్యలే, ఎర్కేనా? మా నాయిన కిటికీ బయట నిలబడి ఎక్కాలు నేర్సిండు. నేను లోపల కూసున్న. ఇప్పుడు నువ్వేమో లోపలున్న పిల్లల్ని చెయ్యి వట్టుకొని మల్ల బయటికి తీస్కపోతున్నవ్."

ఆమె తల వంచుకుని విని, "మీరన్నది నిజమే సారూ," అంది. అండి లేదు. కోపం రాలేదన్నమాట. బాధ కలిగింది.

సారు మాట నా మాటే. నెల్లికుదురు పక్కన ఒక పల్లెలో పుట్టాను. బర్రెలు కాసేదాన్ని. బడి గోడ నీడ పడే చోట బర్రెలను ఆపి, లోపల పిల్లలు పాడే ఎక్కాలు వింటూ నిలబడేదాన్ని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పోతానని అడగడం నాకూ తెలియలేదు. పెళ్లయి మానుకోట వచ్చాక మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయాను. మందిరంలో పాట నంబరు చెప్పగానే అందరితో పాటు పుస్తకం తెరిచేదాన్ని. ఏ పేజీ తెరిచినా నాకు ఒకటే. పాట నోటికి వచ్చు కాబట్టి ఎవరూ కనిపెట్టరనుకునేదాన్ని. అట్లాంటి నాకు, చేతికి అందిన బడిని వద్దనే తల్లిని చూస్తే కడుపు మండకుండా ఎట్లా ఉంటుంది?

అయినా నేను ఆమె పక్కనే కూర్చునేదాన్ని. గుమ్మం దగ్గర గాలి వస్తుంది, నా మోకాళ్లకు గోడ ఆనుకోవడానికి ఉంటుంది. అంతకు మించి కారణం లేదు.

అయ్యగారి ప్రసంగం పొడుగు. పిల్లలు కునుకు తీస్తారు, గిల్లుకుంటారు. ఆరాధనలో కాగితం, పెన్సిలు బయటికి తీయడం మా దగ్గర మర్యాద కాదు. అందుకని ఆమె తన పిల్లలకు ఒక పని పెట్టింది. "చెవి అయ్యగారికియ్యుండ్రి, వేలు నాకియ్యుండ్రి" అనేది. పిల్లలు ప్రసంగంలో విన్న మాటలు చాప మీద వేలితో రాసేవాళ్లు. నడిపివాడు గబగబా రాసేవాడు. చిన్నది అక్షరానికొకసారి తల్లి ముఖం చూసేది. ఆ చాప మీద గీతలు గీతలుగా గరుకు ఉంటుంది. వేలు పోతుంటే బియ్యంలో చెయ్యి పెట్టినంత చిన్న చప్పుడు వచ్చేది. రాసినది ఏదీ మిగిలేది కాదు.

నేను మొదట అది ఆట అనుకున్నాను. తర్వాత నా కళ్లు అయ్యగారిని వదిలి ఆ వేళ్ల వెంట పోవడం మొదలుపెట్టాయి. ఒక ఆదివారం పెద్దపిల్ల ఒకే ఆకారాన్ని మళ్లీ మళ్లీ రాస్తోంది, నాకు దగ్గరగా, నెమ్మదిగా.

"ఏందే అది?" అన్నాను చెవిలో.

"నీ పేరుల మొదటి అక్షరం పెద్దమ్మా."

నా వేలు కూడా చాప మీద పెట్టాను. వారమంతా మిరపకాయలు తీసిన వేలు. ఆ గరుకు మీద రాస్తుంటే మండింది. అయినా రాశాను. మూల మీద కూర్చున్న ఆమె ఇదంతా చూసింది. మరుసటి ఆదివారం నేను వచ్చేసరికి చిన్నదాన్ని తన అవతలి పక్కకు మార్చి, పెద్దపిల్ల పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంచింది.

అట్లా నా చదువు మొదలైంది. మిరప పని లేని రోజుల్లో వాళ్లింటికి కూడా పోయేదాన్ని. ఇంటిబడి అంటే ఏదో మఠంలా ఉంటుందనుకున్నాను. చూస్తే ఒక గదిలో నడిపివాడు నాయన పక్కన కూర్చుని మోటారు తీగ చుట్లు లెక్కపెడుతున్నాడు, లెక్క తప్పితే మొదటికి వస్తున్నాడు. చిన్నది బియ్యం ఏరుతూ ఎక్కాలు చెబుతోంది. పెద్దపిల్ల గుమ్మంలో కూర్చుని చరిత్ర పాఠం పైకి చదువుతుంటే, తల్లి పొయ్యి ముందు నుంచి గరిటె ఎత్తి "మల్ల సూడు" అంటోంది. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ముగ్గురినీ స్టేషన్‌కు తీసుకుపోయి రైళ్ల బోర్డుల మీద ఊర్ల పేర్లు చదివించడం, తర్వాత పటంలో ఆ ఊళ్లు వెతికించడం.

ఒకరోజు కూరగాయలు తరుగుతూ తనంతట తానే చెప్పింది.

"జనగామల ప్రార్థన కూటాలప్పుడు ఒక భార్యాభర్తలు వచ్చిండ్రు పెద్దమ్మా. పిల్లలకు ఇంట్లనే దేవుని మాటా, చదువూ రెండూ చెప్పుకుంటున్నమన్నరు. అది విన్న నాడే మొదలువెట్టినని అందరికీ చెప్త. అది సగమే."

"మిగతా సగం?"

"బడిల నేను కొట్టిన. మస్తు కొట్టిన. ఇంటిపని చెయ్యలేదని, నవ్విండ్రని. ఓ రోజు ఒక పిల్ల నేను సుద్దముక్క అందుకుందామని చెయ్యి ఎత్తితే తల కాపాడుకుంది. గప్పుడనుకున్న, నాకు పిల్లలు పుడితే నా చెయ్యే వాళ్లకు చదువు చెప్పాలె. గని గా చెయ్యి గాదు." తరిగిన ముక్కలు గిన్నెలో వేసి అంది: "గా అక్క అడిగింది సూడు, మాకు చేతుల్లెవ్వా అని. అందరికీ ఉన్నయ్. నేను నా చేతుల కోసమే చేస్తున్న. గది ఉల్లిగడ్డల కాడ ఎట్ల చెప్పాలె?"

నాకు ఆ రోజు ఆమె మీద కోపం చాలా తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. ఈ పిల్లలకు అన్నీ వస్తాయి, కాని లోకం వీళ్లను లెక్కలోకి తీసుకుంటుందా అనే భయం. నేను ఎక్కడా లెక్కలోకి రాని దాన్ని కాబట్టి ఆ భయం నాకు బాగా తెలుసు.

అది నిజమయ్యే రోజు వచ్చింది. ఎండలు ముదిరే ముందు, పరీక్షలు దగ్గర పడినప్పుడు మా సంఘంలో ఒక ఆదివారం పిల్లల కోసం ప్రార్థన పెడతారు. పిల్లలు పెన్నులు, హాల్ టికెట్లు పట్టుకుని ముందు వరుసగా నిలబడతారు. సంఘంలో యువకుడొకడు మైకు పట్టుకుని పేరు, తరగతి, బడి అడుగుతాడు. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి పేరు పేరునా ప్రార్థిస్తారు. ఆ ఏడు అయ్యగారు "చదువుకునే పిల్లలందరూ ముందుకు రండి" అన్నారు.

చదువుకునే పిల్లలందరూ అంటే తామూ అందులో ఉన్నామనుకుంది పెద్దపిల్ల. తల్లి వంక చూసింది. తల్లి కూడా అట్లాగే అనుకుంది. గదమ ఎత్తి పొమ్మంది. నాయన జేబులోని పెన్ను అడిగి తీసుకుని, పిల్ల వరుస చివర నిలబడింది.

"పేరు?" అన్నాడు మైకు పట్టుకున్నవాడు. చెప్పింది.

"ఏ క్లాసు?" పిల్ల చేతిలోని పెన్ను వంక చూసుకుంది.

"సరే, ఏ బడి?"

"మా ఇల్లు."

మైకులో ఆ మాట మందిరం బయట వీధి దాకా వినిపించింది. కుర్చీల్లో నవ్వు లేచింది. "ఇంటర్వెల్ ఏడ, వంటింట్లనా?" అన్నాడు ఒక కుర్రాడు. నవ్వు పెద్దదైంది. అయ్యగారు కూడా నవ్వి, నవ్వు ఆపుకుని, పిల్ల తల మీద చెయ్యి పెట్టారు. "ప్రభువా, ఈ బిడ్డ తల్లిదండ్రులకు మంచి ఆలోచన దయచెయ్యి," అని ప్రార్థించారు. మా సంఘంలో మందలింపులు చాలాసార్లు ప్రార్థనలోనే జరుగుతాయి. ప్రార్థనకు ఎదురు చెప్పడానికి ఉండదు, ఆమెన్ అనాలి. అందరం ఆమెన్ అన్నాం. మూల మీద కూర్చున్న ఆమె కూడా అంది.

వచ్చే ఆదివారం వాళ్లు రారనుకున్నాం. ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చారు. చాపలు పరిచి ఉన్నాయి. పెద్దపిల్ల మాత్రం తల్లి పక్కన కూర్చోలేదు. అవతలి చాప మీద బడి ఆడపిల్లల మధ్య కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ప్రసంగమంతా ఆ చేతులు కదలలేదు.

ఇంట్లో ఆ పిల్ల తల్లితో అన్న మాట నేను విన్నాను. "అమ్మా, నేను బడికి పోత. చదువు రాక గాదు. ఎవలన్న అడిగితే చెప్పెటందుకు నాకొక పేరు గావాలె."

"మల్ల సూద్దాం బిడ్డా," అంది తల్లి. పిల్ల లోపలికి పోయాక నాతో అంది: "పంపొద్దని కాదు పెద్దమ్మా. సిగ్గుతోటి పంపితే ఆడ గూడ సిగ్గుతోనే కూసుంటది. ఇన్నేండ్లు నా దగ్గర నేర్సిందంతా దాసుకోవాల్సిన సంగతైతది. ఇష్టంతోటి పోతే నేనే జడలేసి తోల్త." ఎప్పుడూ తొణకని మనిషి. అప్పుడు మాత్రం పొయ్యి మీది కూర మాడుతున్నా చూసుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు స్త్రీల ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆరాధన అంతా ఆడవాళ్లే నడుపుతారు. వాక్యం చదవాల్సిన టీచరమ్మ బయ్యారం నుంచి రావాలి, బస్సు దొరకలేదు. అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, మైకు పట్టుకుని అడిగింది.

"వాక్యం ఎవరు చదువుతరు?"

కాలేజీకి పోయే పిల్ల ఒకతె లేవబోయింది. అంతలో మూల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"పెద్దమ్మ చదువుతదండి."

గభాలున ఆమె వంక తిరిగాను. పెద్దమ్మ అన్నందుకు కాదు. ఆ "అండి" విన్నందుకు. ఇన్నాళ్లూ ఎక్కడో దాచుకున్న కోపం అది. మైకులో లేచిన ఆ నవ్వుకు జవాబు.

"పెద్దమ్మనా?" అంది ఉల్లిగడ్డల నాటి ఆమె. "పెద్దమ్మ పుస్తకం తలకింద వెట్టుకొని పండుకుంటది గదా!"

కిసకిసలు మొదలయ్యాయి. నేను లేచాను. లేవకపోతే ఆ నవ్వంతా మూల మీద కూర్చున్న మనిషి మీద పడుతుంది. నేను చదవలేకపోతే ఇంకా ఎక్కువ పడుతుంది. ముందుకు నడుస్తుంటే మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

మొదటి మాట చదివాను. రెండోది చదివాను. నా గొంతు మైకులో ఎవరిదో పరాయి మనిషిదిలా వినిపించింది. మాటకూ మాటకూ మధ్య చాలా ఎడం వస్తోంది. ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. నాలుగో పంక్తికో ఐదో పంక్తికో వచ్చేసరికి ఒక మాట దగ్గర ఆగిపోయాను. అక్షరం కింద అక్షరం, దాని పక్కన ఇంకోటి. ఎంత చూసినా ముడి విడలేదు. తల ఎత్తితే ఏడుస్తానేమోనని తల వంచుకునే, కళ్లు మాత్రం పక్కకు తిప్పాను.

స్త్రీల ఆదివారం కాబట్టి పాటలు పాడే బడి ఆడపిల్లల చాప ఆ రోజు కుర్చీల ముందు, నా కాళ్ల దగ్గరే ఉంది. పెద్దపిల్ల చెయ్యి ఒళ్లో లేదు. చాప మీద ఉంది. వేలు పెద్దగా, నెమ్మదిగా కదులుతోంది. ఆ మాటనే రాస్తోంది. తనకు తలకిందులుగా, నాకు తిన్నగా కనపడేట్టు రాస్తోంది. చుట్టూ ఉన్న పిల్లలు ఆ వేలునే చూస్తున్నారు. దాచుకోవడం లేదు. రాసింది. మళ్లీ రాసింది.

ముడి విడింది. చదివాను. ఆ తర్వాత చివరిదాకా ఆగకుండా పోయాను.

ఆమెన్ అన్నారు. నేను వెనక్కి పోయి నా చోట్లో కూర్చున్నాను. సారు కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "ఒత్తులు కొన్ని మింగినవ్," అన్నాడు.

"మల్ల సూస్తది సారూ," అంది ఆమె మూల నుంచి. అండి లేదు.

"ఎవరు నేర్పిండ్రు నీకు?" అన్నాడు నన్ను.

"గీ చాప మీదనే నేర్సిన సారూ," అన్నాను. ఆయన చాప వంక కిందా మీదా చూశాడు, దాని కింద ఇంకేదో ఉందన్నట్టు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "నిన్ను అడగకుండ లేపిన. నా కోపానికి నిన్ను నిలబెట్టిన. నా తప్పు పెద్దమ్మా," అంది. "తప్పు" అన్న మాట ఆమె నోట నేను విన్నది అదే మొదలు, అదే ఆఖరు. దాన్ని తన కోసమే దాచుకున్నట్టుంది.

"మల్ల సూడు బిడ్డా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎండలు పోయి బడులు తెరిచాక పెద్దపిల్ల సర్కారు హైస్కూలుకు పోయింది. తానే పోతానంది. తల్లే జడలు వేసి రిబ్బన్లు కట్టి గేటు దాకా పోయింది. మిగతా ఇద్దరూ ఇంట్లోనే చదువుకున్నారు. పరీక్షల ప్రార్థన మళ్లీ వచ్చినప్పుడు మైకు ముందు ఆ పిల్ల బడి పేరు చెప్పి, మైకు తీసేలోపల, "గంతకుముందు మా అమ్మ" అంది. ఎవరూ నవ్వలేదు. కొందరికి ఇప్పటికీ ఆ పద్ధతి నచ్చదు. సారుకు నచ్చదు. కాని సండే స్కూల్లో తరగతి అడగడం మాన్పించి వయసు అడిగే పద్ధతి పెట్టించింది ఆయనే.

ఈ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చారు. ఇంటికి రాలేదు.

పోయిన ఆదివారం మేమట్లా గుమ్మంలో నిలబడి ఉండగా ఆమె భర్త, పిల్లలు వచ్చారు. పెద్దపిల్ల ఇప్పుడు జనగామలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. మమ్మల్ని చూసింది, గచ్చును చూసింది. నేరుగా పోయి ఒక చాప తీసుకుని విప్పింది. అప్పుడు మాకు కాళ్లు చేతులు వచ్చాయి. అందరం తలా ఒకటి పట్టుకున్నాం. ఉల్లిగడ్డల నాటి ఆమె తన కొంగుతోనే దుమ్ము తుడిచింది.

మూల లేచే చాపను స్తంభం పక్కన పరిచారు. మూల ఎప్పటిలాగే లేచింది. పెద్దపిల్ల వచ్చి దాని మీద కూర్చుంది. నేను గోడకు ఆనుకుని ఆ పిల్ల పక్కన నా చోట్లో కూర్చున్నాను.

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. కాసేపటికి నా పక్కన, బియ్యంలో చెయ్యి పెట్టినంత చిన్న చప్పుడు వినిపించింది. చూశాను. పిల్ల వేలు కదులుతోంది. మొదట ఏదో వాక్యం అనుకున్నాను. రెండు అక్షరాలు పోయాక తెలిసింది. వాళ్లమ్మ పేరు. సమాధి దగ్గర ప్రార్థనలో విన్న పేరు. వినడం కొత్త కాదు, చదవడం మాత్రం అదే మొదటిసారి.

చివరి అక్షరం సగంలో వేలు ఆగిపోయింది. పిల్ల భుజాలు కదులుతున్నాయి.

నేను నా వేలు చాప మీద పెట్టాను. మొదటి అక్షరం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాను.